'ఉచి', 'సొతో': జపనీస్‌లో గౌరవం ఎటువైపు మొగ్గుతుంది

టోక్యోలోని ఒక కంపెనీకి కస్టమర్ ఫోన్ చేసి, సతో అనే డిపార్ట్‌మెంట్ హెడ్ కావాలంటాడు. సతో సీట్లో లేడు. ఏప్రిల్‌లో ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఫోనెత్తి, "సతో వ తదైమ సెకి ఒ హజుషితె ఒరిమసు" అంటాడు. తెలుగులో చెప్పాలంటే దాదాపు "సతో ఇప్పుడు సీట్లో లేడండి" అన్నట్టు. పేరు పక్కన మన 'గారు' లాంటి 'సన్' లేదు, 'బుచో' (డిపార్ట్‌మెంట్ హెడ్) అనే హోదా లేదు. 'ఒరిమసు' అనే క్రియ కూడా తనవాళ్లను తగ్గించి చెప్పేదే.

సతో తిరిగి రాగానే అదే కుర్రాడు "బుచో" అని హోదాతో పిలిచి, ఫలానా యమదా-సమ ('సమ' అంటే 'సన్' కన్నా ఎక్కువ గౌరవం) దగ్గర్నుంచి ఫోన్ వచ్చిందని వినయంగా చెబుతాడు. కాసేపటికి, అతను మళ్లీ సీట్లో లేనప్పుడు, సతో భార్య ఫోన్ చేస్తే, ఇప్పుడు మాట "సతో-సన్ వ తదైమ సెకి ఒ హజుషితె ఇరస్షైమసు" అవుతుంది. 'ఒరిమసు' పోయి, ఎదుటివారిని పెంచే 'ఇరస్షైమసు' వచ్చింది. పేరుకు 'సన్' చేరింది.

ఈ మూడు సందర్భాల్లోనూ సతో హోదా మారలేదు. వినేవాళ్లు మారారు. కస్టమర్ వింటున్నప్పుడు ఆఫీసు బాయ్ నుంచి ప్రెసిడెంట్ దాకా కంపెనీ అంతా ఒకే వైపు. దాన్నే 'ఉచి' అంటారు, అంటే లోపలివైపు. కస్టమర్ 'సొతో', బయటివైపు. లోపలివాళ్లు ఎంత పెద్దవాళ్లైనా బయటివాళ్ల ముందు వాళ్లను తగ్గించే చెప్పాలి. బయటివాళ్లెవరూ లేనప్పుడు కంపెనీ లోపలి అంతస్తులు బయటికొస్తాయి. భార్య ఫోన్ చేసినప్పుడు సతోకు దగ్గరివారు ఆవిడే గనక, అతను ఆవిడ వైపుకు చేరిపోతాడు. సహోద్యోగి గీతకు ఇవతల మిగిలిపోయి ఇద్దరినీ గౌరవించాల్సి వస్తుంది.

కాబట్టి నోరు విప్పే ముందు వేసుకోవలసిన ప్రశ్నలకు ఒక వరస ఉంది. వింటున్నది ఎవరు? ఆ వినేవారికీ నాకూ మధ్య గీత ఎక్కడ పడుతుంది? ఎవరి గురించి మాట్లాడుతున్నానో వాళ్లు ఆ గీతకు ఎటువైపు ఉన్నారు? వయసు, హోదా ఈ మూడింటి తరవాతే. పరాయి భాషగా జపనీస్ నేర్చుకునేవాళ్ల తప్పుల్లో చాలా మటుకు ఆ వయసు, హోదాలనే మొదట చూడటం వల్లే వస్తాయి.

తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకంగా ఎందుకు కష్టమో చూడటం తేలికే. మన 'గారు' మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది. "మా నాన్నగారు ఊళ్లో లేరండి", "మా మేనేజర్ గారు మీటింగ్‌లో ఉన్నారు" అని కొత్తవాళ్లతో చెప్పడమే మర్యాద. తండ్రిని బయటివాళ్ల ముందు ఏకవచనంలో అంటే తలెత్తి చూస్తారు. కొరియన్ భాషలో కూడా పద్ధతి ఇంతే: సొంత తండ్రినీ, సొంత కంపెనీ ప్రెసిడెంటునీ బయటివాళ్ల ముందు గౌరవవాచకంతోనే చెబుతారు. జపనీస్ మర్యాద దీనికి ఎదురు దిక్కున నడుస్తుంది. కస్టమర్ ముందు తన బాస్‌కు 'సన్' తగిలించడమంటే, గౌరవాన్ని కస్టమర్ నుంచి లాగి తనవాళ్లకు పంచుకోవడం.

ఇది జపనీయుల రక్తంలోనే ఉందని అనుకోవడం మాత్రం సరికాదు. పాతకాలపు జపనీస్‌లో గౌరవవాచకాలు ఇప్పటికన్నా ఎక్కువగా మనిషి అంతస్తును బట్టే ఉండేవి. వినేవాళ్లను బట్టి మారే పద్ధతి క్రమంగా బలపడింది. ఈనాటికీ క్యోతో మాండలికంలో '-హరు' అనే గౌరవ ప్రత్యయాన్ని సొంత ఇంటివాళ్ల గురించి చెప్పేటప్పుడు కూడా వాడతారు, పసిపిల్లలకు సైతం. ఉచి-సొతో లెక్కను కచ్చితంగా పాటించేది ప్రామాణిక భాష, అందులోనూ ఆఫీసు భాష. దాన్ని జపాన్ కుర్రకారు కూడా కంపెనీలో చేరాక శిక్షణలో నేర్చుకుంటారు, మొదట్లో తడబడతారు.

మరో రకంగా చూస్తే తెలుగువాళ్ల చేతిలో ఒక మంచి పనిముట్టు ముందే ఉంది. మనం "నా ఇల్లు" అనం, "మా ఇల్లు" అంటాం. ఒక్కగానొక్క కొడుకు కూడా "మా అమ్మ" అనే అంటాడు. 'ఉచి నొ' అనే జపనీస్ మాట సరిగ్గా ఈ 'మా'లాగే పనిచేస్తుంది: 'ఉచి నొ కైష' అంటే మా కంపెనీ, 'ఉచి నొ కొ' అంటే మా పిల్లాడు. 'మేము', 'మనం' అని వినేవారిని బయట ఉంచడం, లోపలికి తీసుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. జపనీస్ సర్వనామాల్లో మామూలుగా ఆ తేడా లేదు. దుకాణాలవాళ్లు, కంపెనీలవాళ్లు తమను తగ్గించుకుంటూ వాడే 'వతకుషిదొమొ' లాంటి మాటలే మన 'మేము'కు దగ్గరగా వస్తాయి. సర్వనామం చెయ్యని ఆ పనంతా అక్కడ క్రియలు చేస్తాయి.

ఇంటి మాటలు, ఇచ్చే మాటలు

గీత మొట్టమొదట కనబడేది బంధువుల పేర్లలో. ఎదుటివారి తల్లి 'ఒకాసన్', తన తల్లి 'హహ'. ఎదుటివారి తండ్రి 'ఒతోసన్', తన తండ్రి 'చిచి'. ఎదుటివారి భార్య 'ఒకుసన్', తన భార్య 'త్సుమ'. ఎదుటివారి కొడుకు 'ముసుకొ-సన్', తన కొడుకు ఉత్త 'ముసుకొ'. ఇంట్లో తల్లిని ఎదురుగా పిలిచేటప్పుడు మాత్రం 'ఒకాసన్' అనే అంటారు. ఎదిగినవాళ్లు ఉద్యోగం ఇంటర్వ్యూలో 'వతషి నొ ఒకాసన్' అంటే బడిపిల్లాడి మాటలా వినబడుతుంది. ఇదే సూత్రం తన పేరుకూ వర్తిస్తుంది. "రవి-సన్ దెసు" అని పరిచయం చేసుకోవడం తెలుగువాళ్లు తరచుగా చేసే తప్పు. 'సన్' ఎప్పుడూ ఎదుటి ఒడ్డుదే.

బంధువుల పేర్లు బట్టీ పడితే వచ్చేస్తాయి. 'ఇవ్వడం' మాత్రం అంత తేలిగ్గా లొంగదు, ఎందుకంటే అక్కడ గీత వ్యాకరణంలోకే దిగిపోయింది. తెలుగులో ఎవరు ఎవరికి ఇచ్చినా 'ఇచ్చు' అనే ఒకే క్రియ. జపనీస్‌లో లోపలి నుంచి బయటికి పోతే 'అగెరు', బయటి నుంచి లోపలికి వస్తే 'కురెరు'. పుచ్చుకునేవారి వైపు నుంచి చెబితే 'మొరౌ'. యమదా నాకు పుస్తకం ఇచ్చాడని చెప్పడానికి "యమదా-సన్ గ వతషి ని హోన్ ఒ అగెత" అంటే అది మొరటు మాట మాత్రమే కాదు, అసలు వాక్యమే తప్పు. నాకు ఇచ్చినప్పుడు 'కురెత' అనే అనాలి. పుస్తకం తీసుకున్నది మా చెల్లెలైనా 'కురెత'నే, ఎందుకంటే చెల్లెలు నా ఉచి. అక్కడ 'అగెత' అంటే మాట్లాడే మనిషి సొంత చెల్లెల్ని దూరంగా నిలబెట్టినట్టు వినబడుతుంది.

ఇదే జంట మరో క్రియ వెనకాల చేరి ఉపకారాన్ని చెబుతుంది. యమదా దారి చూపించాడని చెప్పడానికి "యమదా-సన్ గ ఒషిఎత" అంటే వ్యాకరణం సరిపోతుంది, కాని మేలు పొందిన మనిషి మాటలా ఉండదు. "ఒషిఎతె కురెత" అంటేనే ఆ మేలు నా వైపు వచ్చిందని ఒప్పుకున్నట్టు. తెలుగులో 'చేసిపెట్టు', 'రాసిపెట్టు' ఈ పని కొంతవరకు చేస్తాయి. అయితే వాటికి దిశ లేదు: "నాకు రాసిపెట్టాడు" అంటాం, "వాళ్లకు రాసిపెట్టాను" అని కూడా అంటాం. ఆ అలవాటుతో 'కురెరు'ను వదిలేస్తే, వాక్యం తప్పని ఎవరూ దిద్దరు, మనిషి కాస్త కటువు అనుకుని ఊరుకుంటారు. దిద్దుబాటు దొరకని తప్పు గనక ఇది ఏళ్ల తరబడి నాలుక మీద ఉండిపోతుంది.

దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటి. పెద్దవాళ్ల సంచీ అందుకోబోతూ "మొత్తె అగెమసు" అంటే, మీకు ఉపకారం చేసిపెడుతున్నాను అని గుర్తుచేసినట్టు ఉంటుంది. అక్కడ "ఒమొచి షిమసు" (నేను పట్టుకుంటానండి) అనాలి.

2007 ఫిబ్రవరిలో జపాన్ సాంస్కృతిక మండలి గౌరవ భాష మీద ఒక మార్గదర్శి ఇచ్చింది. అంతకుముందు బడిలో చెప్పే మూడు రకాలను అందులో ఐదుగా విడదీశారు. ఉచి-సొతో దృష్టితో ముఖ్యమైన మార్పు వినయ క్రియలను రెండుగా చీల్చడం. 'ఉకగౌ' (వెళ్లడం, అడగడం) ఎవరి దగ్గరికి వెళ్తామో వాళ్లను పెంచుతుంది. 'మైరు' (వెళ్లడం) వినేవాళ్లను పెంచుతుంది. అందుకే కస్టమర్‌తో "తమ్ముడి దగ్గరికి వెళ్తాను" అని చెప్పేటప్పుడు 'ఉకగైమసు' తప్పు. అలా అంటే సొంత తమ్ముణ్ణే నెత్తిన పెట్టుకున్నట్టు అవుతుంది. 'మైరిమసు' అంటే సరి. "వినయ క్రియ" అని ఒకే డబ్బాలో వేసి నేర్పే పాఠాలు ఈ తేడాను మింగేస్తాయి.

ఆఫీసులో గీత కదిలే తీరు

మొదటి గుర్తు పలకరింపులోనే దొరుకుతుంది. లోపలివాళ్లకు "ఒత్సుకరెసమ దెసు", బయటివాళ్లకు "ఒసెవ ని నత్తె ఒరిమసు". ఫోన్‌లోనైనా ఈమెయిల్‌లోనైనా ఇదే. బయటికి రాసే మెయిల్‌లో తన కంపెనీ 'హేష', ఎదుటి కంపెనీ 'కిష'. అదే మాట నోటితో చెప్పేటప్పుడు 'కిష' అనరు, 'ఒన్‌ష' అంటారు. 'కిష' అనే శబ్దానికి రైలు, విలేకరి అనే అర్థాలూ ఉండటంతో వినేటప్పుడు గందరగోళమవుతుంది. కస్టమర్‌కు రాసే మెయిల్‌ను తన బాస్‌కు కూడా కాపీ పెట్టినప్పుడు బాస్ పేరు 'హేష సతో' అని ఉత్తగానే రాస్తారు, బాస్ అది చదువుతాడని తెలిసినా సరే.

ముఖాముఖి పరిచయాల్లో ముందు తనవాళ్లను బయటివాళ్లకు చూపించాలి, తరవాత బయటివాళ్లను తనవాళ్లకు. తన బాస్‌ను పరిచయం చేసేటప్పుడు హోదాను పేరుకు ముందు ఉంచి 'బుచో నొ సతో' అంటారు. 'సతో బుచో' అంటే పేరు వెనక చేరిన హోదా గౌరవవాచకమైపోతుంది. ఎదుటివాళ్ల హెడ్‌ను 'యమదా బుచో' అనాలి, లేదా 'బుచో నొ యమదా-సమ' అనాలి. రెండూ కలిపేసి 'బుచో-సమ' అనడం మర్యాద ఎక్కువై తప్పైపోయే సందర్భం. బడుల్లో మాత్రం కొంత సడలింపు కనిపిస్తుంది. పిల్లల తల్లిదండ్రులతో కూడా తోటి టీచరును 'తనక సెన్‌సే' అనేవాళ్లు చాలామంది.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అసలు చిక్కుకునేది ఇంకో చోట. చాలామంది ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ, దాని కస్టమర్ ఆఫీసులో కూర్చుంటారు. ఆ కస్టమర్‌కు మళ్లీ వేరే కస్టమర్ ఉంటాడు. అంటే గీతలు రెండు. తన కంపెనీ మేనేజర్ గురించి కూర్చున్న చోటివాళ్లతో చెప్పేటప్పుడు ఉత్త పేరే వాడాలి. కూర్చున్న చోటి మేనేజర్‌తో రోజువారీగా మాట్లాడేటప్పుడు 'సన్' తప్పనిసరి. కాని అదే మేనేజర్‌తో కలిసి చివరి కస్టమర్ దగ్గరికి వెళ్లి అతని తరఫున మాట్లాడేటప్పుడు, ఉదయం 'సన్' అన్న మనిషిని మధ్యాహ్నం ఉత్త పేరుతో చెప్పాలి. మీటింగ్ ముగిసి లిఫ్టు ఎక్కాక మళ్లీ 'సన్'. ఇక్కడ రెండు వైపులా తప్పులు జరుగుతాయి. మీటింగ్‌లో 'సన్' వాడితే "ఇతను మీ మనిషి కాదా" అనే అనుమానం చివరి కస్టమర్‌కు వస్తుంది. లిఫ్టులో 'సన్' మర్చిపోతే మేనేజర్ మనసు చివుక్కుమంటుంది. మీటింగ్‌కు ముందే "ఈ రోజు నేను ఏ కంపెనీ మనిషిగా కూర్చుంటున్నాను" అని అడిగి తేల్చుకోవడం ఒక్కటే దారి. అలా అడగడం తప్పుగా ఎవరూ అనుకోరు.

గడప దగ్గర

ఇంటి నిర్మాణంలోనే ఈ గీత ఉంది. తలుపు తీయగానే వచ్చే 'గెన్‌కన్' నేల తక్కువ ఎత్తులో ఉంటుంది, దాన్ని దాటి పైకి ఎక్కితేనే ఇల్లు. మర్యాదగా వెళ్లే అతిథి కోటు బయటే విప్పుతాడు. లోపలికి అడుగుపెడుతూ "ఒజమ షిమసు" అంటాడు, అంటే మీకు అడ్డొస్తున్నాను అని. బూట్లు విప్పి, ఇంటివాళ్లకు వీపు చూపకుండా ముందుకే నడిచి పైకెక్కి, ఆ తరవాత పక్కకు తిరిగి మోకాళ్ల మీద కూర్చుని బూట్ల ముక్కులు తలుపు వైపు తిప్పి ఓ పక్కన పెడతాడు. ఇచ్చిన స్లిప్పర్లను తతామి చాపల గది ముందు విప్పేయాలి. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లుంటాయి, వాటితో హాల్లోకి వచ్చెయ్యడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు. ఇంటివాళ్లు మాత్రం "తదైమ" (వచ్చేశాను) అంటూ వస్తారు, లోపలివాళ్లు "ఒకఎరి" (వచ్చావా) అంటారు. కస్టమర్ దగ్గరికి వెళ్లి ఆఫీసుకు తిరిగొచ్చిన ఉద్యోగిని కూడా సహోద్యోగులు "ఒకఎరినసై" అనే పలకరిస్తారు. ఫిబ్రవరి మొదట్లో సెత్సుబున్ నాడు వేయించిన సోయా గింజలు విసురుతూ "ఒని వ సొతో, ఫుకు వ ఉచి" అని అరుస్తారు: దయ్యాలు బయటికి, భాగ్యం లోపలికి.

కొత్త ఇంట్లో దిగినవాళ్లకు ఒక పాత మర్యాద ఉంది. ఎదురుగా మూడిళ్లు, అటూ ఇటూ రెండిళ్లు, ఆ ఐదు గడపలకు వెళ్లి పరిచయం చేసుకోవడం. అపార్ట్‌మెంట్లో అయితే రెండు పక్కలు, పైన, కింద. చేతిలో 500 నుంచి 1,000 యెన్ల లోపు తువ్వాలో, బిస్కట్ల పెట్టెనో చాలు. అంతకు మించి ఖరీదైనది ఇస్తే తిరిగి ఇవ్వాలన్న బరువు వాళ్ల మీద పడుతుంది. పెద్ద నగరాల్లో ఈ మర్యాద తగ్గిపోతోంది, ఒంటరిగా ఉండే ఆడవాళ్లు భద్రత కోసం మానేస్తున్నారు కూడా. పిల్లాడు పుట్టినప్పుడు వచ్చిన కానుకలకు బదులుగా పంపేదాన్ని 'ఉచి-ఇవై' అంటారు, ఇంటి సంబరం అని. వచ్చినదాని విలువలో సగం నుంచి మూడో వంతు దాకా, నెల రోజుల్లోపు పంపడం ఆనవాయితీ.

గీత దాటడం

మనుషులు దగ్గరవుతున్న కొద్దీ వాక్యం చివర మర్యాద కోసం చేర్చే 'దెసు', 'మసు' రాలిపోయి మాట సాదాగా మారుతుంది. ఆ మార్పును ముందు మొదలుపెట్టే హక్కు పెద్దవారిదో, గుంపులో ముందునుంచీ ఉన్నవారిదో. కొత్తగా వచ్చినవారు తొందరపడితే చొరబడినట్టే. అయితే దగ్గరితనం కుదిరాక కూడా మర్యాద మాటలు పట్టుకుని వేలాడితే అదీ తప్పే. "మిజుకుసై" అంటారు, పరాయివాళ్లలా ఏమిటిది అని నొచ్చుకుంటూ.

మనోవైద్యుడు దోయి తకెఒ 1971లో ఈ సంబంధాలను మూడు వలయాలుగా చూపించాడు. అన్నిటికన్నా లోపల మొహమాటం అక్కర్లేని ఇంటివాళ్లు. మధ్యలో మొహమాటంతో, బాధ్యతతో మెలగవలసిన ఆఫీసు, ఇరుగుపొరుగు. వెలుపల అసలు సంబంధమే లేనివాళ్లు, వాళ్ల దగ్గర మళ్లీ మొహమాటం ఉండదు. కస్టమర్ ముందు నడుము వంచి నిలబడ్డ మనిషే కిక్కిరిసిన రైల్లో మోచేత్తో నెట్టుకుంటూ పోవడానికి అర్థం ఇక్కడుంది. గౌరవ భాష పూర్తిగా పనిచేసేది మధ్య వలయంలోనే.

భారతదేశంలో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త నకనె చిఎ 1967లో మరో కోణం చెప్పింది. జపాన్‌లో మనిషిని గుర్తించేది అతను ఉన్న చోటును బట్టి: వృత్తి కన్నా ముందు "ఫలానా కంపెనీ" అంటాడు. దానికి ఎదురు కొసన, పుట్టుకతో వచ్చిన గుర్తింపుకు ఉదాహరణగా ఆమె చూపినది భారత కులవ్యవస్థను. ఈ పోలిక చురుకైనదే, కాని జీవితకాల ఉద్యోగం మామూలుగా ఉన్న రోజుల చిత్రమది. ఇప్పుడు జపాన్ ఉద్యోగుల్లో మూడో వంతుకు మించి శాశ్వత ఉద్యోగులు కారు. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లను పేరుతో పిలవకుండా 'హకెన్-సన్' ('హకెన్' అంటే ఏజెన్సీ పంపిన ఉద్యోగి) అనే ఆఫీసులున్నాయి. అక్కడ 'సన్' మర్యాదలా వినబడుతూనే మనిషిని గీత అవతల ఉంచుతుంది. విదేశీయుల భాషను పదేపదే మెచ్చుకోవడం, ఎన్నేళ్లున్నా అతిథిగానే చూడటం కూడా ఇదే కోవలోవి. పెంచి మాట్లాడటం దూరం పెట్టే పద్ధతి కూడా కావచ్చునని గ్రహించకపోతే జపాన్ మర్యాద సగమే అర్థమవుతుంది. విదేశీయులను ఉద్దేశించి వాడే 'గైజిన్' అనే మాటలో 'గై' రాసే అక్షరమూ 'సొతో' రాసే అక్షరమూ ఒకటే. పత్రికలు, టీవీ వాళ్లు దాన్ని వదిలి 'గైకొకుజిన్' అంటారు.

కాగితాల మీద కూడా ఈ గీత కదులుతూ వచ్చింది. 2012 జులై 9 వరకు విదేశీయుల పేర్లు 'జూమిన్‌హ్యో' అనే నివాస పట్టీలో ఉండేవి కావు, వాళ్లకు వేరే రిజిస్ట్రేషన్ ఉండేది. దాంతో జపనీయుణ్ణి పెళ్లాడి ఒకే ఇంట్లో ఉంటున్న విదేశీ భార్యో భర్తో కుటుంబ పట్టీలో సభ్యులుగా కనిపించేవారు కాదు. ఆ రోజు నుంచి కుటుంబమంతా ఒకే పట్టీలోకి వచ్చింది. 'కొసెకి' అనే కుటుంబ రిజిస్టర్ మాత్రం ఇప్పటికీ జపాన్ పౌరులదే. విదేశీ జీవిత భాగస్వామికి అందులో సొంత గడి ఉండదు, పెళ్లి వివరం జపనీస్ భాగస్వామి గడిలో నమోదవుతుంది. జపనీస్ దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలన్న నియమం కూడా ఇలాంటి పెళ్లికి వర్తించదు. కావాలనుకుంటే జపనీస్ భాగస్వామి పెళ్లైన 6 నెలల్లోపు, కోర్టు అనుమతి లేకుండానే, అవతలివారి ఇంటిపేరుకు మారవచ్చు. గడువు దాటితే ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాలి.